గిటార్ చేసి చూడు!

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఎలక్ట్రిక్ గిటారంటే చెవి కోసుకునేవాళ్లు ఆ సామెతకి మూడో ముక్క చేర్చుకున్నారు... గిటార్ చేసి చూడు! కొట్లో కొన్నది వాయిస్తే వాళ్లకి తృప్తి ఉండదు. చెక్క తామే కొయ్యాలి, తీగ తామే చుట్టాలి, రంగు తామే వెయ్యాలి. ఎందుకంత తాపత్రయం అంటారా? అది తెలియాలంటే ముందు ఓ తండ్రీకొడుకుల కథ వినాలి.

పొయ్యి చెక్క... అమ్మ గుండీలు

1963వ సంవత్సరం. లండన్ శివారులో ఓ మధ్యతరగతి ఇల్లు. ఆ ఇంటికి ఒక్కగానొక్క కొడుకు. పదహారేళ్లవాడు. చదువులో చురుకు, సైన్సంటే ఇష్టం. నాన్నతో కలిసి తయారుచేసుకున్న టెలిస్కోపుతో రాత్రిళ్లు నక్షత్రాలు చూస్తాడు. మిగతా సమయమంతా సంగీతమే. ఆ రోజుల్లో గిటార్ పట్టుకున్న ప్రతి కుర్రాడి కలా ఒకటే... అమెరికాలో తయారయ్యే ఫెండర్ స్ట్రాటోకాస్టర్. దాన్ని కొట్టు అద్దాల్లోంచి చూడటమే తప్ప కొనడం ఆ ఇంటి తాహతుకి మించిన పని.

మన ఇళ్లలో అయితే ఏం జరుగుతుంది? 'ముందు పరీక్షల సంగతి చూడు, గిటార్ సంగతి తర్వాత' అంటారు నాన్న. ఆ ఇంట్లో నాన్న మరోలా ఆలోచించారు. హెరాల్డ్ మే బ్రిటన్ విమానయాన శాఖలో ఎలక్ట్రానిక్స్ డ్రాఫ్ట్స్‌మన్. ఇంట్లో ఏది పాడైనా తనే విప్పి బాగుచేసుకునే రకం. ఇంట్లో చూసే టీవీని కూడా ఆయనే తయారుచేశారట. కొనలేకపోతేనేం, మనమే చేద్దామనుకున్నారు తండ్రీకొడుకులు. ఖాళీగా ఉన్న ఓ పడగ్గది వర్క్‌షాపుగా మారిపోయింది.

సామాన్లు ఎక్కణ్నుంచి వచ్చాయో చూడండి. గిటార్ మెడకి... ఎవరింట్లోనో చలి కాచుకునే పొయ్యి చుట్టూ బిగించి, ఆ తర్వాత ఊడదీసి పడేసిన మహాగని చెక్క. వందేళ్ల నాటిది. పురుగు తొలిచిన కన్నాల్లో అగ్గిపుల్లలు దూర్చి పూడ్చారు. ఒంటికి... పాత బల్ల తాలూకు ఓక్ చెక్క. మెడ మీద గుర్తులుగా పొదగడానికి... అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు. తీగల్ని వదులు చేసి, బిగించి స్వరాన్ని ఊగించే ట్రెమొలోకి... 1928 నాటి పాంథర్ మోటార్‌సైకిల్ ఇంజిన్లోని వాల్వు స్ప్రింగులు. ఆ ట్రెమొలో ఊగేది పాత చాకు అంచు మీద. దాని పిడి... సైకిల్ వెనక సంచీ తగిలించే కడ్డీ. ఆ కడ్డీ కొసన తొడిగిన ప్లాస్టిక్ ముక్క... అమ్మ స్వెటర్లు అల్లే సూదిది!

దాదాపు రెండేళ్లు పట్టింది. మొత్తం ఖర్చు ఎనిమిది పౌండ్లు. ఆ కుర్రాడి పేరు బ్రయాన్ మే. తర్వాతి రోజుల్లో ప్రపంచాన్ని ఊపేసిన 'క్వీన్' బృందానికి గిటారిస్టు. చెక్క రంగుని బట్టి ఆ గిటార్‌ని 'రెడ్ స్పెషల్' అన్నారు. క్రికెట్ స్టేడియాల్లో కాళ్లు నేలకి తాటిస్తూ, చప్పట్లు కొడుతూ జనం పాడే 'వుయ్ విల్ రాక్ యూ' ఉంది చూశారూ... అది ఆ బ్రయాన్ రాసిన పాటే. దాని చివర ఝుమ్మని లేచే గిటార్, ఆ ఖాళీ పడగ్గదిలో పుట్టిన గిటారే. 2002 జూన్‌లో ఎలిజబెత్ రాణి సింహాసనమెక్కిన స్వర్ణోత్సవాలప్పుడు బకింగ్‌హామ్ ప్యాలెస్ పైకప్పు మీద నిలబడి ఆయన జాతీయగీతం వాయించింది కూడా దానిమీదే.

పొయ్యి దగ్గరి చెక్క రాజభవనం ఎక్కిందన్నమాట!

తీగ కదిలితే కరెంటు

మామూలు గిటార్ పొట్ట బోలుగా ఉంటుంది. తీగ మీటితే ఆ పొట్టలోని గాలి కదిలి శబ్దం పెద్దదవుతుంది. మన వీణకి కుండ ఎలాగో దానికి పొట్ట అలాగ. చాలా ఎలక్ట్రిక్ గిటార్లకి ఆ అవసరం లేదు. పలక లాంటి గట్టి చెక్కతోనే పని జరిగిపోతుంది. అసలు కిటుకంతా తీగల కింద ఉండే పికప్‌లో ఉంది.

పికప్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఓ అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ... సుమారు ఎనిమిది వేల చుట్లు. అంతే! పైన ఉక్కు తీగ ఊగితే కింద అయస్కాంత క్షేత్రం మారుతుంది. క్షేత్రం మారితే చుట్టలో కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. మన పిల్లలు పదో తరగతిలో చదువుకునే పాఠమే. ఆ చిటికెడు కరెంటు యాంప్లిఫయర్‌లోకి వెళ్లి పెద్దదై స్పీకర్లోంచి మోగుతుంది. నైలాన్ తీగలు వేస్తే ఈ పికప్ మూగబోయేది అందుకే. అయస్కాంతానికి నైలాన్‌తో పనేముంటుంది?

దీంతో ఓ చిక్కుంది. ఆ రాగి చుట్ట తీగల కదలికతోపాటు చుట్టుపక్కల కరెంటు వైర్లూ, ట్రాన్స్‌ఫార్మర్ల రొదనీ పట్టేస్తుంది. మన ఇళ్లలో కరెంటు సెకనుకి 100 సార్లు దిశ మార్చుకుంటుంది కదా... ఆ 'హుమ్' శబ్దం స్పీకర్లో గుంయ్‌మంటుంది. దీనికి 1955లో గిబ్సన్ కంపెనీ ఇంజినీరు సెత్ లవర్ ఓ ఉపాయం కనిపెట్టాడు. ఒకటి కాదు, రెండు చుట్టలు పక్కపక్కన పెట్టాడు. ఒకదానికొకటి తిరగేసి కలిపాడు. అయస్కాంతాలనీ తలకిందులు చేశాడు. రెండు చుట్టల్లోని రొద ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. తీగ నాదం మాత్రం కలిసి రెట్టింపవుతుంది. దానికి 'హంబకర్' అని పేరు. రొదని ఎదిరించేదని అర్థం!

పెనం, దుంగ... నాలుగు స్క్రూలు

ఎలక్ట్రిక్ గిటార్ చరిత్రంతా ఇలాంటి సొంత ప్రయోగాలే. 1931లో జార్జ్ బీచమ్ రూపొందించిన గిటార్ గుండ్రటి ఒళ్లు, పొడవాటి కాడతో అచ్చం వంటింట్లో పెనంలా ఉండేది. దాని ముద్దుపేరూ అదే... ఫ్రయింగ్ పాన్! 1932 నుంచి అమ్మకానికొచ్చింది. పేటెంట్ చేతికందేసరికి 1937 అయింది.

ఆ తర్వాత లెస్ పాల్. 1940 ప్రాంతంలో న్యూయార్క్‌లోని ఎపిఫోన్ కర్మాగారంలో ఆదివారాలు తలుపులు మూసుకుని ఆయన చేసిన పనేంటంటే... నాలుగంగుళాల మందం పైన్ దుంగకి తీగలు బిగించడం. శబ్దం అద్భుతంగా ఉంది. కానీ దుంగని వాయించే మనిషిని చూసి జనం ఏమనుకుంటారు? ఓ మామూలు గిటార్‌ని నిలువునా కోసి దుంగకి చెరోవైపు రెక్కల్లా అతికించాడు. చూపుకి గిటార్, లోపల మాత్రం దుంగే. గిబ్సన్ కంపెనీకి తీసుకెళ్తే మొదట నవ్వి పంపించేశారు. 1952లో అదే కంపెనీ ఆయన పేరుతోనే గిటార్ని మార్కెట్లోకి తెచ్చింది.

వీళ్లందరికన్నా విచిత్రమైనవాడు లియో ఫెండర్. కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసుకునే మెకానిక్. గిటార్ వాయించడం ఆయనకి రాదు, చివరిదాకా నేర్చుకోనూ లేదు! రాకపోవడమే మేలైంది. మెడని ఒంటికి జిగురుతో అతికించే ఆనవాయితీని ఆయన పట్టించుకోలేదు. నాలుగు స్క్రూలు బిగించేశాడు. పాడైతే విప్పి మరోటి పెట్టుకోవచ్చు కదా అన్నది మెకానిక్ బుర్ర. 1950లో ఆయన తెచ్చిన గిటారే మరుసటి ఏడాది టెలికాస్టర్‌గా పేరు మార్చుకుంది. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చింది. ఆ నాలుగు స్క్రూలే ఈ హాబీకి తలుపులు తీశాయి. ఒకరి మెడ, ఇంకొకరి ఒళ్లు, వేరొకరి పికప్... ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు కలుపుకోవచ్చు.

అలా కలిపినవాళ్లలో ఎడ్డీ వాన్ హాలెన్‌ది మరీ తెగువ. ఫెండర్ ఒళ్లు ఆయనకి నచ్చింది, గిబ్సన్ నాదమూ నచ్చింది. రెండూ ఒక్కదాంట్లో దొరకవు. 1970ల మధ్యలో ఓ తయారీదారు పక్కన పడేసిన నాసిరకం ఒళ్లు 50 డాలర్లకి, మెడ 80 డాలర్లకి కొన్నాడు. ఉలితో ఒంటిని తొలిచి, పాత గిబ్సన్ గిటార్ నుంచి పీకిన హంబకర్‌ని దూర్చాడు. అది కీచుమనకుండా కరిగించిన మైనంలో ముంచాడు. వైరింగ్ ఎలా చెయ్యాలో సరిగా తెలియక మిగతా మీటలన్నీ వదిలేసి ఒక్క వాల్యూమ్ మాత్రం కలిపాడు. దానికి తగిలించిన బుడిపె మీద 'టోన్' అని ఉంటుంది! గిటారంతా టేపులు చుట్టి సైకిల్ పెయింట్ కొట్టాడు. ట్రెమొలో కింద ఎత్తు సరిపోక 1971 నాటి పావు డాలర్ నాణెం పెట్టి బిగించాడు. అతుకుల బొంత అనుకోండి. 2007లో ఫెండర్ కంపెనీ ఆ అతుకుల బొంతకి గీతలూ మచ్చలతో సహా 300 నకళ్లు తయారుచేసి ఒక్కొక్కటి 25 వేల డాలర్లకి అమ్మింది. 130 డాలర్ల చెక్కముక్కలకి పట్టిన రాజయోగం అది!

పదిహేడూ ఎనిమిది వందల పదిహేడు

ఇంత వరకు బాగానే ఉంది. చెక్క కోసేశాం, పికప్ పెట్టేశాం. మరి శ్రుతి? గిటార్ చేసేవాళ్లని నిద్రపోనివ్వనిది ఇదే. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల్ని ఇంగ్లిష్‌లో ఫ్రెట్స్ అంటారు. మనకి వీణ మీద మెట్లున్నాయి కదా, అవే. ఏ మెట్టు ఎక్కడ ఉండాలన్నది చేయి తిరిగిన వడ్రంగి కంటిచూపుకి అందే వ్యవహారం కాదు. దానికి లెక్క ఉంది.

పాశ్చాత్యులు స్థాయిని 12 సమాన భాగాలు చేసుకున్నారు. తీగ పొడవుని 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరం వస్తుంది. మిగిలిన పొడవుని మళ్లీ 17.817తో భాగిస్తే రెండోది. ఫెండర్ గిటార్లలో తీగ పొడవు 25.5 అంగుళాలు, అంటే సుమారు 648 మిల్లీమీటర్లు. మొదటి మెట్టు 36.4 మి.మీ. దగ్గర పడుతుంది. రెండోది దానికి ఇంకో 34.3 మి.మీ. అవతల. అలా దగ్గరవుతూ వెళ్లి పన్నెండో మెట్టు సరిగ్గా తీగ మధ్యలో, 324 మి.మీ. దగ్గర ఉంటుంది. అక్కడ అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది.

పూర్వం దీనికి 17.817 బదులు 18 వాడేవాళ్లు. ఆ పద్ధతిని 1581లో గ్రంథంలో వివరించినాయన విన్సెంజో గెలీలీ. ల్యూట్ వాద్యకారుడు. ఎవరో కాదు, టెలిస్కోపు గెలీలియోకి నాన్న! 18తో భాగిస్తే పన్నెండో మెట్టు సగానికి పిసరంత ముందే ఆగిపోతుంది. వినేవాళ్లందరికీ తెలియకపోవచ్చు, చెవి ఉన్నవాడికి గుచ్చుకుంటుంది.

అనుభవజ్ఞులు చెప్పే జాగ్రత్త ఒకటుంది. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి కొలుచుకుంటూ పోకండి. ప్రతిసారీ వెంట్రుకవాసి తప్పినా ఇరవయ్యో మెట్టుకి వచ్చేసరికి తప్పులన్నీ కుప్పపడతాయి. ప్రతి మెట్టునీ మొదటి అంచు నుంచే కొలవాలి. అప్పుడు ఒక మెట్టు తప్పితే ఆ ఒక్కటే తప్పుతుంది. ఇంటి లెక్కలకైనా పనికొచ్చే సూత్రమిది!

మన వీణ, మన మాండలిన్

'ఇవన్నీ దొరల ఆటలు, మనకెందుకు' అనుకుంటున్నారా? విజయనగరం జిల్లా బొబ్బిలి పక్కనే గొల్లపల్లి ఉంది. వాళ్లు వీణలు చేసే తీరు చూడండి. పనస చెట్టు దుంగ ఒక్కటే తీసుకుని కుండా, దండీ అతుకు లేకుండా తొలుస్తారు. ఆ తర్వాత 24 మెట్లనీ మసి కలిపిన మైనంలో నిలబెడతారు. గిటార్‌కి లెక్క కాగితం మీద కుదురుతుంది, వీణకి చెవి దగ్గర కుదురుతుంది. మైనం మెత్తగా ఉన్నప్పుడే మెట్టుని అటూ ఇటూ జరిపి స్వరం చూసుకుంటారు. శ్రుతి తప్పితే మైనం కరిగించి మళ్లీ కూర్చొచ్చు. గిటార్‌లో ఆ వెసులుబాటు లేదు. రంపం ఒకసారి దిగిందంటే దిగినట్టే.

ఇక వాద్యాన్నే తనకి తగ్గట్టు మార్చుకున్నవాడు మనవాడే ఒకడున్నాడు. పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. ఆరేళ్ల వయసులో నాన్న మాండలిన్ చేతిలోకి తీసుకున్నాడు. మామూలు మాండలిన్‌కి ఎనిమిది తీగలు, నాలుగు జంటలుగా ఉంటాయి. జంట తీగల మీద గమకం సాగదీయడం కష్టం. పైగా మీటిన స్వరం వెంటనే ఆరిపోతుంది. కర్ణాటక సంగీతానికి గమకం లేకపోతే ఇంకేముంది? శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నాడు. జంటలు తీసేసి ఒంటి తీగలు ఐదు వేయించుకున్నాడు. కచేరీకి పనికిరాదని కొందరు పెదవి విరిచిన వాద్యంతోనే ఆయన 1998లో పద్మశ్రీ అందుకున్నాడు. 'మాండలిన్ శ్రీనివాస్' అన్నది ఇంటిపేరులా స్థిరపడింది. 2014లో 45 ఏళ్లకే కన్నుమూశాడు కానీ, ఐదు తీగల మాండలిన్ మాత్రం మన సంగీతంలో ఉండిపోయింది.

ఆయనతో 'రిమెంబర్ శక్తి' బృందంలో కలిసి వాయించిన జాన్ మెక్‌లాగ్లిన్ అనే ఇంగ్లిష్ గిటారిస్టు ఇంకో అడుగు వేశాడు. వీణలో మెట్ల మధ్య ఖాళీ ఉండటం వల్లే కదా తీగ అంత బాగా సాగుతుంది! గిటార్ మెడ మీద మెట్ల మధ్య చెక్కని దోనెలా తొలిపించి గమకాలు పలికించాడు. వాళ్లు మనల్ని చూసి చెక్క తొలుచుకున్నారు, మనం వాళ్లని చూసి కరెంటు పెట్టుకున్నాం. చెల్లుకి చెల్లు.

మొదలెట్టేదెలా?

మీ ఇంట్లో కాలేజీ కుర్రాడికో, ఉద్యోగం నుంచి రిటైరైన మీకో ఈ సరదా ఉంటే ఒక్కసారిగా చెట్టు దగ్గరికి వెళ్లక్కర్లేదు. ఇందులో మెట్లున్నాయి.

మొదటి మెట్టు: అటక మీద పడి ఉన్న పాత ఎలక్ట్రిక్ గిటార్‌ని దించండి. కొత్త తీగలు వెయ్యండి. తీగల ఎత్తు సరిచెయ్యండి. తీగని ఊరికే మీటినప్పటి స్వరం, పన్నెండో మెట్టు దగ్గర నొక్కినప్పటి స్వరం ఒకటే పలకాలి, స్థాయి మాత్రమే మారాలి. తేడా ఉంటే తీగ కింద ఉండే చిన్న గుర్రాన్ని స్క్రూతో ముందుకీ వెనక్కీ జరుపుకోవాలి. సగం 'పనికిరాని' గిటార్లు ఈ ఒక్క పనితో లేచి కూర్చుంటాయి.

రెండో మెట్టు: పికప్ మార్చడం. ఓ సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, కాస్త ఓపిక చాలు. లోపలి గూటికి రాగి రేకు అతికిస్తే కరెంటు రొద చాలావరకు తగ్గుతుంది.

మూడో మెట్టు: కిట్. కోసి, తొలిచి, మెట్లు కొట్టి సిద్ధంగా ఉన్న ముక్కలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. బిగించి, రంగు వేసుకోవడమే మిగులుతుంది. ఆ రంగే నెల రోజులు తినేస్తుంది. వెయ్యడం, ఆరనివ్వడం, గరుకు కాగితంతో రుద్దడం, మళ్లీ వెయ్యడం... సహనం ఎంతుందో తెలిసిపోతుంది.

నాలుగో మెట్టు: చెక్క నుంచి చెయ్యడం. విదేశాల్లో ఒంటికి ఆల్డర్, యాష్, మహాగని, మెడకి మేపుల్ వాడతారు. మెట్లు దిగే పలకకి ప్రపంచమంతా కోరుకునే చెక్కల్లో మన దేశపు రోజ్‌వుడ్ ఒకటి! టేకు దొరుకుతుంది కానీ అందులో నూనె ఎక్కువ. అతికించబోయే ముందు థిన్నర్‌తో తుడవకపోతే జిగురు పట్టదు. ఏ చెక్క అయితే ఏ నాదం వస్తుందన్నది మాత్రం అడక్కండి, గిటార్ వాళ్ల మధ్య అది ఎప్పటికీ తేలని తగవు. గట్టి ఒంటి గిటార్లలో చెక్క కన్నా పికప్, తీగలు, వాయించే చేయే ఎక్కువ తేడా తెస్తాయన్నవాళ్లూ ఉన్నారు.

చెక్క బాగా ఆరి ఉండాలన్నది మాత్రం అందరూ ఒప్పుకునే మాట. వానాకాలంలో కాకినాడ గాలికి ఉబ్బిన చెక్క వేసవిలో హైదరాబాదుకి వస్తే ముడుచుకుంటుంది. మెట్ల అంచులు బయటికి పొడుచుకొచ్చి వేళ్లు గీరుకుంటాయి. పైగా ఆరు తీగలూ కలిసి మెడని 45 కిలోలకి పైగా బలంతో లాగుతూ ఉంటాయి. అంటే ఓ బియ్యం బస్తా దాదాపు ఎప్పుడూ వేలాడుతున్నట్టే. అది వంగకుండా మెడ లోపల 'ట్రస్ రాడ్' అనే ఉక్కు కడ్డీ ఉంటుంది. దాన్ని తిప్పాల్సి వస్తే పావు చుట్టు చొప్పునే తిప్పండి. బలం చూపించారో... కడ్డీ విరిగి మెడ మొత్తం పోతుంది.

రెండు జాగ్రత్తలు. రోజ్‌వుడ్ లాంటి చెక్కల పొట్టు కొందరికి దద్దుర్లూ, ఆయాసం తెప్పిస్తుంది. మాస్కు లేకుండా గరుకు కాగితం పట్టుకోవద్దు. గిటార్‌లోని కరెంటుతో ప్రమాదం లేదు కానీ యాంప్లిఫయర్ సంగతి వేరు. అది ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గులోనే పెట్టాలి. గిటార్ తీగలు ఎర్త్‌కి కలిసి ఉంటాయి మరి. వాల్వులుండే పాత యాంప్లిఫయర్ అయితే స్విచ్ ఆపేసినా లోపల ప్రాణం తీసేంత వోల్టేజి నిల్వ ఉంటుంది. దాన్ని తెలిసినవాళ్లకే వదిలెయ్యండి.

ఒకటి మాత్రం నిజం. మొదటి గిటార్ బాగా రాదు. బ్రయాన్ మే సొంతంగా చుట్టిన పికప్పులూ కుదర్లేదు. తీగని పక్కకి లాగినప్పుడల్లా వింత చప్పుడు. చివరికి మూడు పికప్పులు కొట్లో కొని, అవి కీచుమనకుండా లోపల ఆరల్డైట్ నింపాడు. చేతగానిది కొనుక్కోవడంలో నామోషీ ఏం లేదు.

నాన్న ఎక్కిన విమానం

ఇంతకీ ఆ తండ్రీకొడుకుల కథ పడగ్గదిలో ఆగిపోలేదు.

బ్రయాన్ 1968లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఫిజిక్స్ డిగ్రీ పూర్తిచేశాడు. ఆ తర్వాత గ్రహాల మధ్య తేలే ధూళి మీద పీహెచ్‌డీ మొదలెట్టాడు. నాన్న పొంగిపోయారు. డాక్టరేట్ చేతికొచ్చే సమయానికి, 1974లో, కొడుకు పరిశోధన వదిలేసి పూర్తిగా క్వీన్ బృందంతో వెళ్లిపోయాడు. అంత చదివించింది ఇందుకా అని హెరాల్డ్ కుమిలిపోయారు. చాలాకాలం తండ్రీకొడుకుల మధ్య మాటలు కూడా సరిగా లేవు. తమాషా ఏంటంటే, కొడుకు చేతిలో ఆ గిటార్ పెట్టిందీ ఆయనే. రెండేళ్లు పక్కన కూర్చుని చెక్క కోసిందీ ఆయనే! ఆయన దృష్టిలో అది సరదా. కొడుక్కి అదే బతుకయింది. 'నాట్యం నేర్పించాం, బాగానే ఉంది, మరి ఇంజినీరింగ్ సీటు?' అనే మన ఇళ్లలోని గొడవ లండన్‌లోనూ ఉందన్నమాట.

1970ల చివర్లో బ్రయాన్ అమ్మానాన్నల్ని న్యూయార్క్ రప్పించాడు. అదీ కాంకార్డ్ విమానంలో. హెరాల్డ్ తన ఉద్యోగంలో ఆ విమానం తాలూకు పనిలో చెయ్యి వేశారు కానీ, టికెట్ కొని ఎక్కే స్తోమత ఆయనకి ఎప్పుడూ లేదు. ఆ రాత్రి మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వేలమంది మధ్య కూర్చుని ఆయన కొడుకు వాయిస్తుంటే విన్నారు. స్టేజీ మీద మోగుతున్నది తాను కోసిన చెక్క, తాను బిగించిన స్ప్రింగులు. కచేరీ అయ్యాక కొడుకు దగ్గరికి వచ్చి, ఇప్పుడు అర్థమైందన్నారట. ఆ ఒక్క మాటకోసం కొడుకు అన్నేళ్లు ఎదురుచూశాడు.

హెరాల్డ్ 1988లో పోయారు. ఆయన చూడలేకపోయిందొకటి ఉంది. ముప్ఫయ్యేళ్లకి పైగా అటకెక్కిన ఆ పరిశోధనని బ్రయాన్ మళ్లీ దుమ్ము దులిపి పూర్తిచేశాడు. 2007లో, 60 ఏళ్ల వయసులో, అదే ఇంపీరియల్ కాలేజీ నుంచి డాక్టరేట్ అందుకున్నాడు. నాన్న కోరికా తీరింది, కాస్త ఆలస్యంగా. 2023లో 'సర్' బిరుదూ వచ్చింది.

ఇన్ని కచేరీలు చేసినా, ఎంత ఖరీదైన గిటారైనా కొనగలిగే స్తోమత వచ్చినా ఆయన చేతిలో ఎక్కువగా కనిపించేది ఆ ఎనిమిది పౌండ్ల గిటారే. 1998లో దాన్ని విప్పి, పెచ్చులూడిన చోట్ల పాత చెక్కతోనే మరమ్మతు చేయించుకున్నాడు. అగ్గిపుల్లలూ, అమ్మ గుండీలూ అలాగే ఉన్నాయి.

అందుకే... రేపు మీవాడు అటక మీది పాత బల్ల కాలు పట్టుకుని 'నాన్నా, దీంతో గిటార్ చేద్దామా' అని అడిగితే కసురుకోకండి. గిటార్ కుదిరినా కుదరకపోయినా ఫర్వాలేదు. పక్కన కూర్చుని రంపం పట్టుకున్న ఆ నాలుగు ఆదివారాలు మాత్రం వాడికి కలకాలం శ్రుతి తప్పవు!